నల్ల డబ్బా, పసుపు మూత: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో మట్టిరోడ్ల మీద జీపుల్లో తిరిగేవాళ్ళ డిక్కీ ఎవరిది తెరిచినా ముందు కనపడేది ఓ నల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద పసుపు మూత. హోమ్ డిపోలోనూ కాస్ట్‌కోలోనూ చవగ్గా దొరికే 27 గ్యాలన్ల డబ్బా అది. మన లెక్కలో 102 లీటర్లు. గరాజ్‌లో పాత బట్టలూ క్రిస్మస్ దీపాలూ దాచుకోవడానికి చేసిన ఈ సరుకు టెంట్లనీ స్టవ్‌లనీ కడుపులో పెట్టుకుని యూటాలో మోయాబ్ రాళ్ళెక్కింది, డెత్ వ్యాలీ ఇసుకలో దిగింది. డల్లాస్ నుంచో ఫ్రీమాంట్ నుంచో లాంగ్ వీకెండ్‌కి బయల్దేరే తెలుగు కుటుంబాల బళ్ళలోనూ అదే. హైదరాబాద్ నుంచి థార్, జిమ్నీ వేసుకుని లదాఖ్, స్పితి పోయేవాళ్ళు కూడా ఇప్పుడు ఇలాంటివే వెతుక్కుని మరీ కొంటున్నారు.

అలవాటు మంచిదే. వంట సామానొక డబ్బా, పక్కబట్టలొక డబ్బా అని విడదీసుకుంటే చీకట్లో గుడారం వేసేటప్పుడు బండంతా తిరగెయ్యక్కర్లేదు. కానీ డబ్బా చేసే పని అంతవరకే, వస్తువుల్ని ఒకచోట ఉంచడం. నీళ్ళాపడం, దుమ్మాపడం, ఎలుగుబంటిని ఆపడం, బండి ఆగినప్పుడు తనూ ఆగడం, ఇవేవీ దాని పనులు కావు. అవన్నీ అదే చూసుకుంటుందని నమ్మి బయల్దేరేవాళ్ళే ఎక్కువ.

అపోహ: మూత టక్కుమని పడిందంటే నీళ్ళూ దుమ్మూ లోపలికి రావు

మూత తిరగేసి అంచు చూడండి. చుట్టూ రబ్బరు పట్టీ కనిపించకపోతే అది వానజల్లుకి అడ్డం పడుతుందే గానీ నీళ్ళని ఆపదు. టాప్ మీద కట్టి హైవే మీద వందలో పోతుంటే వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గాలి ఒత్తిడికి మూత అంచు కొద్దిగా లేస్తుంది, ఆ సందు చాలు. నిజంగా ఆపగలిగినవాటి మీద ఐపీ 67 లాంటి అంకె ఉంటుంది. అందులో 6 అంటే దుమ్ము చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా తడవదని. అంకె లేకుండా 'వెదర్ ప్రూఫ్' అని మాత్రమే రాసి ఉంటే అది అమ్మేవాడి మాట అనుకోవాలి.

నీటి కంటే దుమ్ము మొండిది. యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ పార్కులో వైట్ రిమ్ రోడ్డు 160 కిలోమీటర్ల మట్టిదారి. అది చుట్టివచ్చాక డబ్బా తెరిస్తే గిన్నెల మధ్య ఎర్రటి సన్న పొర పరుచుకుని ఉంటుంది. మూత ఊడలేదు, డబ్బా పగల్లేదు, మరి ఎలా వచ్చింది? బండి ముందుకు పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్మంతా అక్కడే సుడి తిరుగుతుంది. వెనక అద్దం కొంచెం తెరిచి ఉన్నా, డిక్కీ తలుపు రబ్బరు పాతబడినా అది లోపలికి లాక్కుంటుంది. అంటే సమస్య డబ్బాది కాదు, బండిది. వెనక అద్దాలన్నీ మూసేసి, ఏసీని బయటి గాలి తీసుకునే బటన్ మీద పెట్టి ఫ్యాన్ పెంచితే లోపల ఒత్తిడి కాస్త పెరిగి దుమ్ము బయటే ఉండిపోతుంది. ముందు బండి దుమ్ము మొహాన కొడుతుంటే అందరూ చేసే పని రీసర్క్యులేషన్ నొక్కడం. దాంతో లోపలి ఒత్తిడి పోయి వెనకనుంచి లాగడం మొదలవుతుంది. ముందు బండికి ఓ అరకిలోమీటరు ఎడం ఇవ్వడం దానికంటే మంచి ఉపాయం.

పక్కబట్టలు, కెమెరా లాంటివి డబ్బాలోనే మళ్ళీ జిప్ కవర్లలోనో, మడతపెట్టి మూసే వాటర్‌ప్రూఫ్ సంచుల్లోనో ఉంచాలి.

అపోహ: అయితే గాలి కూడా చొరబడని పెట్టె కొంటే పీడా పోతుంది

కొండ దారుల్లో అక్కడే కొత్త పీడ మొదలవుతుంది. కొలరాడోలో యూరే నుంచి టెలురైడ్‌కు పోయే ఇమోజీన్ కనుమ ఎత్తు 13,114 అడుగులు, సుమారు 4,000 మీటర్లు. అక్కడ భోజనం చేసి పెట్టె బిగించి డెన్వర్‌కు దిగారనుకోండి. దిగేకొద్దీ బయట గాలి బరువెక్కుతుంది, పెట్టెలో మాత్రం కనుమ మీది పలచని గాలే. అరవై సెంటీమీటర్ల పొడుగు, నలభై వెడల్పు మూత మీద ఆ తేడా దాదాపు 500 కిలోల బరువై కూర్చుంటుంది. ఇద్దరు లాగినా రాదు. పెలికన్ లాంటి గట్టి పెట్టెలకు గాలి సర్దుకునే చిన్న వాల్వు పెట్టేది ఇందుకే. మామూలు డబ్బాకు ఈ బాధ లేదు, దాని లీకులే దాన్ని కాపాడతాయి. లదాఖ్ వెళ్ళేవాళ్ళకు ఈ లెక్క ఇంకా పెద్దది. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త పైన ఉంటుంది, అంతే.

ఆవకాయ సీసా సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఇంట్లో గట్టిగా బిగించిన మూతే. కొండెక్కేసరికి సీసాలో గాలి వ్యాకోచించి నూనెను మర వెంబడి పైకి తోస్తుంది. మధ్యాహ్నపు ఎండకు నూనె పలచబడుతుంది. గతుకులు మిగతా పని పూర్తి చేస్తాయి. రాత్రికి డబ్బా అడుగున ఎర్రటి మడుగు, దాని మీద స్లీపింగ్ బ్యాగ్. ఆ వాసన ఎన్ని ఉతుకులకీ పోదు. సీసాను నిండా నింపకుండా, నిలబెట్టి, జిప్ కవర్లో పెట్టి, దారిలో ఎత్తు పెరిగినప్పుడల్లా మూత ఒకసారి వదిలించి మళ్ళీ బిగిస్తే చాలు. షాంపూకీ సన్‌స్క్రీన్‌కీ ఇదే సూత్రం.

అపోహ: ప్లాస్టిక్ అంతా ఒకటే

డబ్బా అడుగున ముక్కోణంలో ఓ అంకె ఉంటుంది. 2 అంటే హెచ్‌డీపీఈ, 5 అంటే పాలీప్రొపిలీన్, 6 అంటే పాలీస్టైరీన్. ఎండాకాలం గరాజ్‌లో ఈ తేడా తెలియదు. చలి పడ్డాక తెలుస్తుంది. మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గర్నుంచే పెళుసెక్కుతుంది. యూటా ఎడారిలో శీతాకాలపు తెల్లవారుజామున చేయి జారి రాయి మీద పడితే మూల పగిలిపోతుంది. హెచ్‌డీపీఈ గడ్డకట్టే చలిలోనూ సాగుతుందే గానీ పగలదు. స్పితికి చలికాలంలో వెళ్ళేవాళ్ళు 2 అంకె వెతుక్కోవడం మంచిది. 6 అంకె ఉన్నది బీరువాలో పెట్టుకోవడానికే.

ఎండ సంగతికొస్తే, టాప్ మీద ఏళ్ళ తరబడి ఉండే డబ్బాను అతినీలలోహిత కిరణాలు తినేస్తాయి. రంగు వెలిసి, గోరుతో గీస్తే తెల్లపొడి రాలుతుంటే దాని ఆయుష్షు తీరినట్టు. నల్లరంగుకు వాడే కార్బన్ పొడి ఆ కిరణాల్ని పీల్చుకుంటుంది కాబట్టి నల్లవి ఎక్కువ కాలం నిలుస్తాయి. లోపలేముందో కనపడుతుందని అద్దంలాంటివి కొనేవాళ్ళున్నారు. అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకుపోయే ఊళ్ళో పార్క్ చేస్తే అది దొంగక్కూడా కనపడుతుంది. నల్లదాని పక్కన తెల్ల టేప్ అంటించి పేరు రాసుకోవచ్చు. మూత మీద మాత్రం రాయకండి, పైన ఇంకో డబ్బా ఎక్కాక కనపడదు.

అపోహ: పెద్ద డబ్బా ఒకటైతే అన్నీ అందులోనే పట్టేస్తాయి, బరువుగా ఉంటే కదలదు కూడా

పట్టడం పడుతుంది, ఎత్తేదెవరు? డబ్బా సరుకులతో, గిన్నెలతో నిండిన 102 లీటర్లంటే యాభై కిలోలు దాటడం కష్టమేమీ కాదు. మోకాలెత్తు డిక్కీ మీంచి దాన్ని వంగి లాగితే నడుం పట్టేస్తుంది. బరువైనవాటికి నలభై, యాభై లీటర్ల డబ్బాలు, పక్కబట్టలకు పెద్దది. బండి మోయగల బరువు కూడా ఓసారి చూసుకోండి. అమెరికాలో డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది. నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ అయితే చాలా మోడళ్ళలో ఆ అంకె నాలుగు వందల కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో మనుషులూ కలిసే. నలుగురు పెద్దవాళ్ళు కూర్చున్నాక మిగిలేది వంద కిలోలే, అందులో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఇరవై కిలోలు.

ఇక కదలకపోవడం గురించి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి దేన్నైనా గుద్ది అర మీటరులో ఆగిందంటే, 20 కిలోల డబ్బా ముందుకు తోసే బలం దాదాపు 400 కిలోల బరువుతో సమానం. దాని ముందున్నది వెనక సీట్లో పిల్లల తలలు. ఇక్కడ బంజీ తాళ్ళు పనికిరావు. సాగడం వాటి గుణం, గుద్దినప్పుడూ సాగుతాయి. నేలకు వేసిన కొక్కేలకు, సాగని నైలాన్ పట్టీలతో కట్టాలి. మళ్ళీ రాచెట్ పట్టీని చేతిలో బలం ఉంది కదా అని బిగించేస్తే పల్చటి మూత మధ్యలో కుంగి, అంచులు లేచి, దుమ్ముకు దారి ఇస్తుంది. అందుకే ఈ పనికి చేత్తో లాగి బిగించే క్యామ్ పట్టీలు మేలు. మూత మీద చిన్న ప్లైవుడ్ ముక్క వేస్తే ఇంకా నయం. బరువైన డబ్బా అడుగున, వెనక సీటుకు ఆనించి. టాప్ మీద తేలికైనవే, అదీ మాన్యువల్‌లో రాసిన బరువు లోపే.

అపోహ: గ్యాసు, పెట్రోలు మూతేసిన డబ్బాలో ఉంటేనే క్షేమం

మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ప్రొపేన్ ఆవిరి గాలికి ఒకటిన్నర రెట్లు బరువు, పెట్రోలు ఆవిరి ఇంకా బరువు. చిన్న లీకున్నా పోయే దారి లేక డబ్బా అడుగున చేరి, మీరు మూత తీసి లైటర్ కోసం తడుముకునే వేళకు సిద్ధంగా ఉంటుంది. క్యాంపింగ్ స్టవ్ గ్యాస్ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. బయట 35 డిగ్రీలుంటే, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు గంటలో ఆ హద్దు దాటేస్తుంది. గ్యాసు నీడలో, గాలి ఆడేచోట, నిలబెట్టి ఉండాలి. పెట్రోలు బండి బయట, దానికోసం చేసిన క్యానులో.

అపోహ: డబ్బాలో పెట్టి కారు లాక్ చేస్తే ఎలుగుబంటికి వాసన రాదు

కాలిఫోర్నియాలోని యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి ఉంచడమే నిషేధం. జరిమానా 5,000 డాలర్ల దాకా పడొచ్చు. అక్కడి నల్ల ఎలుగుబంట్లు కారు తలుపు అంచు పట్టుకుని వంచేస్తాయి. కూలర్లూ డబ్బాలూ ఎలా ఉంటాయో వాటికి చూపుతోనే తెలుసు, వాసన రాకపోయినా. క్యాంప్‌లో ప్రతి చోటుకూ ఇనప లాకర్ ఇస్తారు. తిండే కాదు, వాసనొచ్చే ప్రతిదీ అందులోకి పోవాలి: టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, పొద్దున వెలిగించే అగరొత్తుల కట్ట కూడా. పొద్దున్న పులిహోర తిన్న గిన్నె కడగకుండా డబ్బాలో పడేసి 'ఖాళీదే కదా' అనుకోవడం మన ఇళ్ళలో మామూలు. ఎలుగుబంటికి అది ఖాళీ గిన్నె కాదు.

'బేర్ రెసిస్టెంట్' అని అమ్మే కూలర్లు, పెట్టెలు వేరే జాతి. మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్‌లో గ్రిజ్లీ అండ్ వుల్ఫ్ డిస్కవరీ సెంటర్ అని ఒకటుంది. పరీక్షించాల్సిన పెట్టెలో తిండి పెట్టి అక్కడి గ్రిజ్లీలకే ఇస్తారు. అవి గంటసేపు పీకినా, కొరికినా, ఎక్కి తొక్కినా తెరుచుకోకపోతేనే సర్టిఫికెట్. పసుపు మూత డబ్బా ఆ పరీక్షకు నిలిచే రకం కాదు. ఎలుగుబంట్లు లేని ఎడారిలో ఎలుకలు, ఉడతలు ఉంటాయి, వాటి పళ్ళకు ప్లాస్టిక్ ఓ లెక్క కాదు.

అపోహ: డబ్బాలు కొత్తవాళ్ళకు, అనుభవం ఉన్నవాళ్ళు డ్రాయర్లు బిగించుకుంటారు

డ్రాయర్లు సుఖమే, కాదనను. కానీ ఖాళీగానే అవి పదుల కిలోలు తూగుతాయి, సోమవారం ఆఫీసుకీ అవి మీతోనే వస్తాయి. డబ్బాలు గరాజ్‌లో దిగిపోతాయి.

అపోహ: ఇంటికొచ్చాక డబ్బాలు అలాగే పేర్చేస్తే వచ్చేసారికి అన్నీ సిద్ధం

ఆదివారం రాత్రి అలసిపోయి దిగినవాళ్ళకు ఇది ఎంతో నచ్చే అపోహ. కానీ మంచుతో తడిసిన టెంటు మూత కింద నాలుగు వారాలుంటే బూజు పడుతుంది. గుడ్డ మీది పాలీయురేథేన్ పూత తేమకు కరిగి జిగురుగా మారి, మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ టెంటు ఇక బాగుపడదు. మూత ఎంత గట్టిదైతే తేమ అంత బందీ. చేత్తో తడిమితే పొడిగా తోచినా, బాల్కనీలో మరో పూట ఆరేసి, అంచు కుట్లు, జిప్పు పట్టీలు ప్రత్యేకంగా చూసి మడవాలి. స్లీపింగ్ బ్యాగ్‌ను నొక్కి కుక్కి డబ్బాలో ఉంచితే లోపలి దూది గాని ఈకలు గాని చచ్చిపోయి వెచ్చదనం తగ్గుతుంది, దాన్ని పెద్ద గుడ్డసంచిలో వదులుగా వేలాడదీయండి. టార్చిలోంచి బ్యాటరీలు తీసేయండి. అల్యూమినియం గిన్నెలు గతుకులకు ఒరుసుకుని బూడిదరంగు పొడి రాల్చి ఉంటాయి, అవి కడిగి, మధ్య మధ్య పాత తువ్వాలు ముక్కలు వేసి పేర్చాలి. చివరగా ఖాళీ డబ్బా అడుగు తుడిచి, మూత వేయకుండా ఓ రోజు వదిలేయండి.