మడత విప్పని చీర

అమ్మ పోయిన ఏడాదికి గుడివాడలో ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్లాను. బీరువా పై అరలో, పాత పంచె గుడ్డలో చుట్టి, నా మొదటి జీతంతో కొనిపెట్టిన కంచి పట్టుచీర కనిపించింది. మంచిరోజు చూసి కడతానని దాచుకుంది. విప్పబోతే మడత వెంబడే నిలువునా చిరిగి చేతిలోకి వచ్చేసింది. జరీ తెగి, పట్టు చీకిపోయింది. పట్టుచీరను అప్పుడప్పుడూ తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టాలి. లేకపోతే ఒకే చోట నలిగి నలిగి అక్కడే తెగుతుంది. చివరి రోజుల్లో అమ్మకు అంత ఓపిక ఎక్కడిది?

కింది అరల్లో నేను అమెరికా నుంచి వెళ్లినప్పుడల్లా సూట్‌కేసుల్లో మోసుకెళ్లినవే. నాన్‌స్టిక్ పెనాలు, సెంటు సీసాలు, దుప్పట్లు. చాలావాటికి అట్టపెట్టె కూడా విప్పలేదు. ఆ పదిహేను రోజులూ నేనూ అన్నయ్యా ఏది ఎవరికివ్వాలా అన్న మాటే మాట్లాడుకున్నాం. అమ్మ గురించి తీరిగ్గా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోలేకపోయాం. తక్కువ వస్తువులతో బతకాలని నేను అనుకోవడానికి మొదటి కారణం అదే. నా పిల్లలకు ఆ పదిహేను రోజులు మిగలాలి.

డాలస్ తిరిగొచ్చి గరాజ్ తలుపు తీస్తే అమ్మ బీరువాయే నాలుగింతలై కనిపించింది. రెండు కార్ల గరాజ్‌లో ఒక్క కారూ పట్టదు. మా ఒక్కరి సంగతే కాదిది. లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించి 2012లో పుస్తకం వేశారు. నాలుగింట మూడు గరాజ్‌లలో కారుకు చోటే లేదట. ఇల్లు చిందరవందరగా ఉందని చెప్పిన తల్లులకు, ఒత్తిడితో ముడిపడిన కార్టిసాల్ సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గడం లేదని కూడా అదే బృందం గుర్తించింది. అది చదివాక, ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గట్టు చూడగానే నాకు విసుగెందుకు వస్తుందో అర్థమైంది.

అమెరికాలో కొత్తగా కట్టే ఇంటి సగటు విస్తీర్ణం 1973లో 1,660 చదరపు అడుగులు. 2015 నాటికి అది 2,687 అయింది. ఈలోగా ఇంట్లో మనుషులు తగ్గారు. చోటుంటే సామాను దానంతటదే వచ్చి చేరుతుంది.

మొదట్లో సంచులకొద్దీ బట్టలు దానమిచ్చి తేలికపడ్డాను. కానీ 2018లో ఈ దేశంలో తేలిన 1.7 కోట్ల టన్నుల బట్టల వ్యర్థాల్లో 1.13 కోట్ల టన్నులు చెత్తదిబ్బల్లోనే కప్పెట్టారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలు చూశాక, అసలు పని కొనే దగ్గరే ఉందనిపించింది. నా చిన్నప్పుడు మా వీధిలో పాతబట్టలకు స్టీలుసామాన్లు ఇచ్చే ఆమె వచ్చేది. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. ఆ రోజుల్ని గొప్ప చేసి చెప్పను. అది లేమి, ఎంచుకున్నది కాదు. ఉన్నవాళ్లం కాబట్టే మాకు ఇప్పుడు వద్దనుకునే వీలుంది. కష్టం చూసిన తరం ఏదీ పారేయలేకపోవడంలో తప్పేమీ లేదు.

మా ఇంట్లో పెట్టుకున్నది ఒకటే నియమం: కొత్తది కొనేముందు నెల్లాళ్లు ఆగడం. ఆ నెలలో సగం కోరికలు గుర్తే ఉండవు. శనివారాలు సర్దుళ్లకు పోవడం మానేశాయి. ఆ పూట మా అమ్మాయి నాతో తెలుగు చదువుతోంది. పేరంటాలకు వచ్చినవాళ్లకు తాంబూలంలో పండూ ఆకూ వక్కతో పాటు పెరట్లో కోసిన కరివేపాకు పెడుతున్నాను. చిన్నబుచ్చుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. పుస్తకాలు మాత్రం తగ్గించలేకపోయాను, ప్రయత్నమూ చేయలేదు.

అమ్మ చీరలో చీకిపోని కొంగు ముక్కను దేవుడి పీట మీద పరిచాను. అతిథుల కోసమని అద్దాల బీరువాలో పన్నెండేళ్లు దాచిన డిన్నర్ సెట్ కిందికి దించాం. రెండు పళ్లేలు అప్పుడే పగిలాయి. మిగిలిన పదింటిలో రోజూ తింటున్నాం.