మన ఎత్తు, బరువుల లెక్క ఎవరికి కావాలి?

హాస్టల్లో ఆరోగ్య పరీక్షలు జరిగే రోజు మనందరికీ ఒక సరదా. గోడకు ఆనుకుని నిలబడతాం, బరువు చూసే యంత్రం ఎక్కుతాం, ఎవరు ఎంత పెరిగారో చూసి నవ్వుకుంటాం. ఆ అంకెలు ఒక రిజిస్టరులోకి చేరతాయి. మనం మరచిపోతాం.

కానీ మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. హాస్టల్ విద్యార్థికి ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇన్ని గుడ్లు అని ప్రభుత్వం దేనిని ఆధారం చేసుకుని నిర్ణయించాలి? ఎవరికో తోచిందని నిర్ణయించడం ఒక పద్ధతి. పిల్లలు నిజంగా ఏమి తింటున్నారో, ఎలా పెరుగుతున్నారో కొలిచి నిర్ణయించడం రెండో పద్ధతి. ఈ రెండో పద్ధతికి దారి చూపిన సంస్థ ఒకటి మన హైదరాబాదులోనే, తార్నాకలో ఉంది. అదే జాతీయ పోషకాహార సంస్థ.

ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రంగా పుట్టింది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు పెట్టారు. 1972లో భారత వైద్య పరిశోధన మండలి ఈ సంస్థ కేంద్రంగా నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరోను ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా దాదాపు పది రాష్ట్రాల్లో దీని బృందాలు పనిచేశాయి.

వారి పని చాలా ఓపికతో కూడినది. ఊరూరా తిరిగి, ఇంటింటికీ వెళ్లి, గడచిన 24 గంటల్లో ఎవరెవరు ఏమి తిన్నారో అడిగేవారు. ఆ ఇంటి గిన్నెలు, గరిటెల కొలతలను బట్టి ఎన్ని గ్రాములు తిన్నారో లెక్క కట్టేవారు. ఎత్తు, బరువు కొలిచేవారు. కళ్లు, చర్మం చూసి లోపాలు గుర్తించేవారు. అంతేకాదు, 1975-79లో చూసిన గ్రామాలకే 1988-90లోనూ, ఆ తరువాత 1996-97లోనూ మళ్లీ వెళ్లారు. ఒక్కసారి కొలిస్తే పరిస్థితి తెలుస్తుంది. మళ్లీ మళ్లీ కొలిస్తేనే మార్పు తెలుస్తుంది.

ఇలాంటి కొలతల వల్ల ఏమి ప్రయోజనం కలిగిందో రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది. 1950, 60 దశకాల్లో పేద దేశాల పిల్లలకు ముఖ్య లోపం మాంసకృత్తులే అని ప్రపంచంలోని పెద్ద నిపుణులు అనేకులు నమ్మారు. ఖరీదైన ప్రోటీన్ పొడులే పరిష్కారం అన్నారు. డాక్టర్ సి.గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదులో పరిశోధించి మన పిల్లలకు అసలు కొరత మొత్తం తిండిలోనే ఉందని చూపారు. రోజూ తినే తిండే కడుపునిండా దొరికితే మాంసకృత్తుల అవసరం కూడా చాలావరకు తీరుతుందని చెప్పారు. మామూలు తిండి ద్వారానే రోజుకు సుమారు 300 కేలరీలు అదనంగా ఇస్తే పల్లె పిల్లల పెరుగుదల మెరుగుపడిందని 1973లో ప్రచురించారు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలో చిన్న పిల్లలకు ఇవ్వాలనుకున్న అనుబంధ ఆహారం కూడా 300 కేలరీలే!

రెండవది. విటమిన్ ఎ లోపంతో పిల్లలు చూపు కోల్పోయేవారు. ఎక్కువ మోతాదులో విటమిన్ ఎ ఇచ్చే పద్ధతిని ఈ సంస్థ క్షేత్రస్థాయిలో పరీక్షించింది. 1970లో అది జాతీయ కార్యక్రమం అయింది. ఆ తరువాతి సర్వేలలో కంటి లక్షణాలు తగ్గుతూ వచ్చాయి.

మన ప్రాంతం సంగతికి వద్దాం. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బషీరాబాద్ చేలల్లో పండే పంట అది. ఎన్ని క్వింటాళ్లు పండిందో, ఎంత ధర పలికిందో మార్కెట్ లెక్కలు చెబుతాయి. కాని కంది కోసిన కూలీ ఇంట్లో ఆ రాత్రి పప్పు వండారా అన్నది ఆ లెక్కల్లో ఉండదు. పల్లె ప్రజలు తినవలసినంత పప్పు తినడం లేదని బ్యూరో సర్వేలు పదే పదే చెప్పాయి. ఇంటి గిన్నె దాకా వెళ్లారు కాబట్టే వారికి అది తెలిసింది.

విచారకరమైన విషయం ఏమిటంటే, నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఆ బ్యూరోను 2015లో మూసివేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం జరుగుతూ వచ్చింది. 2019-21 నాటి సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అయితే ఆ సర్వేలో ఎత్తు, బరువు కొలిచేది ఐదేళ్లలోపు పిల్లలకు, 15 ఏళ్లు దాటినవారికే. అనగా ఆరు నుండి పద్నాలుగేళ్ల వారు, మన హాస్టల్ వయసువారే, ఆ కొలతల్లో లేరు! 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే 19 ఏళ్ల వరకు కొలిచింది. అలాంటివి తరచుగా జరగాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. 8 నుండి 10వ తరగతి వరకు నెలకు 1100 రూపాయలు ఉన్నది 1540 అయింది. రోజుకు సుమారు 51 రూపాయలు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఈ డబ్బు సరిపోతున్నదా లేదా అన్న ప్రశ్నకు జవాబు బజారు ధరల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగం మన పళ్లెంలో, మన ఎత్తు బరువుల్లో ఉంది.

కాబట్టి తమ్ముళ్లకు మా మనవి ఒక్కటే. కొలిచేటప్పుడు మడమలు ఎత్తకండి. ఏమి తిన్నావని అడిగితే తిన్నదే చెప్పండి. కొలవకుండా రాసిన అంకె చూడటానికి బాగానే ఉంటుంది కాని, బక్కచిక్కిన ఒక పిల్లవాడిని అది లెక్కలో నుండి తీసేస్తుంది. ఈ హాస్టల్ అన్నం తిని ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, ఉద్యోగులు అయిన అన్నలకు కూడా ఇదే విన్నపం. మీ చేతికి సర్వే ఫారం వచ్చిన రోజున మన భోజనాల వరుస గుర్తు చేసుకోండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. మనం అడగవలసింది అడగడానికి ఆ అంకెలే మనకు ఆధారం.