‘ఎలా తెలుసు?’ అని భాషే అడిగితే

సికింద్రాబాద్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీదున్న మనిషి ‘రైలు వచ్చింది’ అంటే చూసి చెబుతున్నాడనుకుంటాం. ఇంట్లో కూర్చున్నవారు ‘వచ్చిందట’ అంటే ఎవరో చెప్పగా విన్నారన్నమాట. చివరి ‘అట’ది చిన్న రూపమే, పని మాత్రం పెద్దది. తెలుగులో అది వాడుకలో పుట్టింది. లోజ్బాన్‌లో అలాంటి మాటలను కావాలనే చేర్చారు.

లోజ్బాన్ తర్కానికి అనువుగా కూర్చిన కృత్రిమ భాష. జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో మొదలుపెట్టిన లోగ్లాన్ నుంచి 1987లో ఇది విడివడింది. ఇందులో ‘తెలుసు’ అనడానికి మాట ‘జునో’. దానికి నాలుగు గళ్లు: ఎవరికి, ఏ సంగతి, దేని గురించి, ఏ ఆధారంతో. ఉదాహరణకు, విద్యార్థికి తెలుసు, మూడో నిజాం సికందర్ జా పేరు మీదుగా ఆ పేరు వచ్చిందని, సికింద్రాబాద్ గురించి, చరిత్ర పుస్తకం ఆధారంగా. నాలుగో గడిని ఖాళీగా వదిలినా తప్పు కాదు. కానీ గడి ఉంది కాబట్టి ‘ఏ ఆధారంతో?’ అని అడగడం తేలిక. ‘నమ్ముతాడు’ అనే ‘క్రిషి’కి మాత్రం ఆధారపు గడే లేదు! ఈ భాషలో అన్నిటికంటే ముచ్చటైన ఏర్పాటు బహుశా ఇదే.

ఇవి కాక వాక్యంలో చేర్చే చిట్టి మాటలూ ఉన్నాయి. ‘తిహె’ అంటే విన్నాను, ‘పెహి’ అంటే నా అభిప్రాయం, ‘కహు’ అంటే మావాళ్లందరికీ తెలిసిందే, ‘జహ’ అంటే స్వయంగా గమనించాను. వాడాలన్న నిర్బంధం లేదు. ‘తిహె’కు మన ‘అట’ సరిజోడు. ‘జహ’కు తెలుగులో అలాంటి ప్రత్యయం లేదు, ‘నా కళ్లతో చూశాను’ అని విడిగా చెప్పుకోవాల్సిందే.