అంగుళం ఎక్కడ పోయింది?

అనంతపురం జిల్లా రాయదుర్గంలో వానను నమ్ముకోలేని కుటుంబాలు ఎన్నో జీన్స్ కుట్టుడును నమ్ముకున్నాయి. పక్కనున్న బళ్లారిదీ అదే వ్యాపారం. ఇక్కడి కటింగ్ మాస్టర్‌కు అంగుళమంటే డబ్బు. 34 నడుము ప్యాంటు ప్యాటర్న్‌ 97 శాతం సైజులో ప్రింటయితే నడుము 33కు దిగుతుంది. ముందు రెండు, వెనక రెండు ముక్కల్లో ఒక్కోదానికీ తగ్గేది పావంగుళమే కాబట్టి కంటికి ఆనదు. డెనిమ్‌ను పొరల మీద పొరలు పరిచి ఒకేసారి కోస్తారు గనుక తప్పు ఒక్క ప్యాంటుతో ఆగదు.

97 అన్నది ఊరికే పట్టుకొచ్చిన అంకె కాదు. అమెరికా వాళ్ల లెటర్ కాగితం వెడల్పు 215.9 మిల్లీమీటర్లు, మన ఏ4ది 210. అక్కడి కొలతతో తయారైన ప్యాటర్న్‌ను ఇక్కడ తెరిచి ‘ఫిట్’ అని ఉండగానే ప్రింట్ నొక్కితే, 100లో 3 వంతులు చెప్పాపెట్టకుండా పోతాయి.

ప్రింటర్ చేత చుక్కను చెప్పిన చోట పెట్టించడానికి పడిన పాట్లు తెలిస్తే ఈ నష్టం మరీ ఒళ్లు మండిస్తుంది. జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటర్ ఆలోచన చేసినప్పుడు పైవాళ్లు సాగనివ్వలేదు. 1971లో కాలిఫోర్నియాలో అదే కంపెనీకి చెందిన ‘పార్క్’ పరిశోధనశాలకు మారి దాన్ని పని చేయించాడు. గిర్రున తిరిగే పలకల అద్దం లేజర్ కిరణాన్ని డ్రమ్ము మీద అడ్డంగా ఊడుస్తుంది. పలకల్లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి వంగినా గీతలు పైకీ కిందికీ తప్పుతాయి. అంత కచ్చితమైన అద్దం చెక్కించాలంటే ఖర్చు భరించలేనిది. స్థూపాకారపు కటకం ఒకటి అడ్డుపెట్టి, పలక వంగినా కిరణం మళ్లీ అదే గీత మీదికి చేరేట్టు చేశాడాయన. నా లెక్కలో ఈ యంత్రపు అసలు పుట్టుక అక్కడే.

ప్రతి ఊడ్పు మొదట్లో కిరణం పక్కనున్న సెన్సర్‌ను తాకుతుంది. అక్కడి నుంచి ఎంతసేపాగి గీత మొదలుపెట్టాలో మారిస్తే బొమ్మ కుడికో ఎడమకో జరుగుతుంది. పై అంచు సంగతి కాగితాన్ని కాసేపు ఆపి, డ్రమ్ముతో కలిపి వదిలే రోలర్లది. అడ్డం సైజు అద్దం వేగానికీ చుక్కలు ఎప్పుడు పడాలో చూసే గడియారానికీ పొత్తు. నిలువు సైజు డ్రమ్ము, కాగితం కదిలే వేగాలది.

ఆ తర్వాత వేడి. టోనర్‌ను కరిగించే రోలరు 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. చెమ్మ ఆవిరై కాగితం రవ్వంత కుంచించుకుంటుంది. రెండో వైపు ప్రింటయ్యాక మళ్లీ చెమ్మ పీల్చి సాగితే ఆ వైపు బొమ్మ మొదటిదాంతో కలవదు. మంచి యంత్రాల్లో రెండు వైపులకూ విడివిడి సర్దుబాటు ఉండేది అందుకే. అనంతపురం ఎండలో విప్పి వదిలేసిన కాగితాల కట్ట ప్రింటర్‌లోకి వెళ్లకముందే ఎండిపోయి ఉంటుంది. అదో తిప్పలు.

1985లో యాపిల్ లేజర్‌రైటర్‌తో పాటు పేజీలో ఏది ఎక్కడుండాలో ప్రింటర్‌కు చెప్పే అడోబీ వాళ్ల భాష పోస్ట్‌స్క్రిప్ట్ బజారుకొచ్చింది. కాగితం ఎడమ కింది మూల సున్నా, అంగుళానికి 72 పాయింట్లు. బొమ్మను జరపడానికి ‘ట్రాన్స్‌లేట్’, పెంచడానికో తగ్గించడానికో ‘స్కేల్’. ఆ వారసత్వంలోనే 1993లో పీడీఎఫ్ వచ్చింది. లేజర్ ప్రింటర్లు చాలావరకు కాగితం అంచుల్లో నాలుగైదు మిల్లీమీటర్ల మేర ప్రింట్ చేయలేవు. అక్కడి అక్షరాలు తెగకూడదని సాఫ్ట్‌వేర్ దయతో మొత్తం కుదిస్తుంది. ఉత్తరానికి అది మేలు, ప్యాటర్న్‌కు చేటు.

‘యాక్చువల్ సైజ్’ ఎంచుకున్నా సరే, 100 మిల్లీమీటర్ల చదరం ఒకటి ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవండి, అడ్డమూ నిలువూ రెండూ. రెండూ 97 వస్తే తప్పు కంప్యూటర్‌లోని సెట్టింగ్‌ది. అడ్డం సరిపోయి నిలువు మాత్రం తేడా వస్తే కంప్యూటర్ జోలికి పోవద్దు, కాగితాన్ని లాగే రోలర్లు జారుతున్నాయేమో చూడండి.