దాగిన కర్బనమునకు లెక్క

గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డై ఆక్సైడ్) పెరుగుటచే భూమి వేడెక్కుచున్నది. ఆ వాయువులోని కర్బనమును గాలికి దూరముగా ఉంచు తావులు కొన్ని కలవు. వానిలో ఒకటి సముద్రపు గడ్డి మొలచిన నేల. ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు. మరియొకటి చమురు గల శిల. ఇందులోనికి వాయువును మానవుడే యంత్రములతో పంపును. ఈ రెండింటిలో నిజముగా ఎంత కర్బనము నిలిచినదో తేల్చుట ఎట్లు?

సముద్రపు గడ్డి నాచు కాదు. వేళ్లు, పూవులు, విత్తనములు గల మొక్క. పసుపు కొమ్మువలె దాని కాండము మట్టిలో అడ్డముగా పాకును. మన దేశమున పాక్ అఖాతము, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపముల చెంత లోతు తక్కువైన నీటిలో ఇది పచ్చికబయళ్లుగా పెరుగును. దీని ఆకులు నీటి వేగమును తగ్గించుటచే తేలియాడు మట్టియు, జీవపదార్థమును అడుగునకు దిగును. ఆ మట్టిలో పైపొరకు దిగువ ప్రాణవాయువు ఉండదు. అందుచే జీవపదార్థము మిక్కిలి నెమ్మదిగా కుళ్లును. మధ్యధరా సముద్రమున పొసిడోనియా అను గడ్డి క్రింద వేల సంవత్సరములనాటి పొరలు మీటర్ల మందమున పేరుకొని యున్నవి.

దీనిని కొలుచుటకు ఒక గొట్టమును మట్టిలోనికి దింపి, మట్టిస్తంభమును పైకి తీయుదురు. దానిని బిళ్లలుగా కోసి, ఎండబెట్టి తూచుదురు. ఘన సెంటీమీటరు మట్టి పొడి బరువు 1 గ్రాము, అందు కర్బనము నూటికి 1.5 వంతులు అనుకొనుడు. మీటరు లోతువరకు ప్రతి చదరపు సెంటీమీటరు క్రింద 1.5 గ్రాములు, అనగా హెక్టారునకు 150 టన్నుల కర్బనము ఉన్నట్లు. దీనిని 44/12 చే హెచ్చించిన 550 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానమగును.

లెక్క సులభమే కాని పొరపాట్లు పొంచియుండును. గొట్టము దిగునప్పుడు మట్టి అణగిపోవును. మీటరు మట్టి 80 సెంటీమీటర్లకు అణగినచో ఘన సెంటీమీటరు బరువు 1.25 గ్రాములుగా కనబడును. అణగిన సంగతి మరచి, ఆ బరువునే మీటరు లోతుకు హెచ్చించిన 150 టన్నులు కాస్తా 187.5 టన్నులగును. మరియు మట్టిలోని గవ్వలు, ఆల్చిప్పలలో గల కాల్షియం కార్బొనేటునందును కర్బనము కలదు. గుల్ల ఏర్పడునప్పుడు నీటిలో బొగ్గుపులుసు వాయువు విడుదల యగును గనుక ఆ కర్బనమును ఈ నిల్వలో చేర్చరాదు. మట్టికి హైడ్రోక్లోరికామ్లము కలిపి దానిని తొలగించిన పిదపనే జీవపదార్థపు కర్బనమును కొలుతురు.

ఎంత ఉన్నది అనుటయే చాలదు. ఎంతకాలములో చేరినది అనియు తెలియవలెను. ఇటీవలి నూరేండ్ల పొరలకు సీసము-210 అను రేడియోధార్మిక పదార్థము గడియారము వంటిది. సుమారు 22 సంవత్సరములకు అది సగమగును. అంతకు పాత పొరలకు కర్బనము-14 ఉపకరించును.

చేరినది తిరిగి పోవచ్చును కూడ. 2010-11లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ అఖాతమున సముద్రజలము విపరీతముగా వేడెక్కి, అచ్చటి గడ్డిలో మూడవ వంతుకు పైగా దెబ్బతిన్నది. తరువాతి మూడేండ్లలో 20 లక్షల నుండి 90 లక్షల టన్నుల వరకు బొగ్గుపులుసు వాయువు వెలువడియుండునని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి.

ఇక చమురు శిల సంగతి. తొలుత భూగర్భ పీడనముచేతను, పిమ్మట నీటిని పంపియు చమురు తీసినను, తరచుగా సగమునకు పైగా శిలారంధ్రములలోనే మిగిలిపోవును. అధిక పీడనముతో పంపిన బొగ్గుపులుసు వాయువు ఆ చమురులో కరగి, దానిని ఉబ్బించి పలుచన చేయును. చమురు కదలి బావికి చేరును. అమెరికాలోని టెక్సాస్‌లో 1972 నుండియు, కెనడాలోని వేబర్న్ క్షేత్రమున 2000 నుండియు ఈ పద్ధతి అవలంబింపబడినది.

ఇచ్చట పొరపాటు మరియొక తీరున వచ్చును. క్షేత్రమునకు తెచ్చిన వాయువు 100 టన్నులనుకొనుడు. అందు 40 టన్నులు చమురుతో పైకి వచ్చును. దానిని వేరుచేసి మరల లోనికి పంపుదురు. బావి మీటరు 140 టన్నులు చూపును. కాని కొత్తగా తెచ్చినది 100 టన్నులే. వేరుచేయుటలో 2 టన్నులు గాలిలో కలిసినచో నిలిచినది 98 టన్నులు మాత్రమే.

పైకి వచ్చిన చమురు మాటేమి? ఒక పీపా చమురు మండిన సుమారు 430 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. పై 98 టన్నులు నిలుపుటలో 300 పీపాల చమురు లభించెననుకొన్న, అది మండినప్పుడు వెలువడునది 129 టన్నులు. ఆ చమురు మరియొక చోటి చమురునకు బదులుగా వాడబడినదో, అదనముగా మండినదో విచారింపక లాభనష్టములు తేల్చుట సాధ్యము కాదు.

నేడు దేశములు, పరిశ్రమలు తాము విడుచు వాయువునకు ఇట్టి నిల్వలను చెల్లువేయగోరుచున్నవి. నిల్వను 150కి బదులు 187.5 టన్నులని వ్రాసికొన్నచో, లేని ఆ 37.5 టన్నుల కర్బనము పేర నిజమైన బొగ్గు మండును. కావుననే చేరినది, పోయినది, నిలిచినది అను మూడు అంకెలను వేరువేరుగా చూపిన లెక్కనే అంగీకరింపవలెను.