లేపాక్షి పైకప్పు

క్షేత్రములకు బోయినపుడు దేవుని దర్శించి, ప్రసాదము గైకొని, తిరుగు బస్సునకై త్వరపడుట మనకు వాడుక. లేపాక్షికి బోవువారు మాత్రము ఒక గడియ తలలెత్తి పైకప్పును జూడవలెనని మా మనవి.

పెద్దమండ్యమునుండి మేమైదుగురు స్త్రీలము పిల్లలతోడను పులిహోర మూటలతోడను వేకువనే బయలుదేఱి, కదిరిలోను హిందూపురములోను బస్సులు మాఱితిమి. హిందూపురమునకు లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. అచట ఏకశిలానంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు గలది. కూర్మశైలమను గుట్టపై వీరభద్రాలయమున్నది. అచ్యుతదేవరాయలు (1529–1542) ఏలుచుండగా పెనుకొండ కోశాధికారియగు విరూపన్న, సోదరుడు వీరన్నతో గూడి దీనిని గట్టించెనందురు.

నాట్యమంటపమున వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చుటకు జనులు గుమిగూడి యుండిరి. మాలో నొకామె కుమార్తె, యెనిమిదేండ్లది, "అమ్మా, పైన పెండ్లి చేస్తున్నారు చూడు!" అని కేక వైచెను. చూతుము గదా, గిరిజాకల్యాణము! రామాయణ భారత కథలును గలవు. ఆ స్త్రీల కొప్పులు, నగలు, గళ్లచీరలు, వాని యంచులు చూడగా, నాటి యిండ్లలోనికి దొంగిచూచినట్లుండెను. నేటి నేతగాండ్రును ఆ యంచులను నమూనాలుగా గైకొనుచున్నారు.

గ్రీసుదేశమున ఏథెన్సు నగరమందలి పార్థినాను ఆలయము క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున గట్టబడినది. దాని శిల్పములకును నాడు రంగులుండెను. నేడు వాని జాడలు మాత్రమే మిగిలినవి. అందుచే లోకము వానిని తెల్లని ఱాతిబొమ్మలుగానే యెఱుగును. లేపాక్షి రంగులు సున్నపుపూతపై మన్ను, ఖనిజముల వన్నెలతో వేసినవి. తేమయు, పొగయు, చేతి చెమటయు వానికి శత్రువులు. కొన్నిచోట్ల నిప్పటికే పెచ్చులూడి బొమ్మలు సగమే మిగిలినవి.

కావున అమ్మలారా, పిల్లలు గోడలను దాకకుండను, పేర్లు గీయకుండను కనిపెట్టుడు. చిత్రముల క్రింద కర్పూరము వెలిగింపకుడు. ఎండ ముదిరిన బండపై కాళ్లు కాలును; ఉదయముననే చేరుడు. ఆడపిల్లలకు ఒక కాగితమును సీసపుకడ్డియు నిచ్చి, నచ్చిన చీరయంచును జూచి వేయుమనుడు. మా పిల్లలు వేసికొనివచ్చిన ముగ్గురంచులలో నొకటి యీ సంక్రాంతికి వాకిట ముగ్గు కానున్నది.