ఒక సీటుకు వణుకు, ఒక సీటుకు చెమట

మే నెలలో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, సంచిలో శాలువా పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరే అమ్మాయిని మీరు చూసే వుంటారు. మీ అమ్మాయే కావచ్చు, కోడలే కావచ్చు. సాయంత్రం ఇంటికొచ్చి మెడ పట్టేసిందంటుంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయంటుంది. అదే ఆఫీసులో, అదే హాల్లో, నాలుగు బల్లల అవతల కూర్చునే పెద్దమనిషి చొక్కా వీపుకు అంటుకుపోయి ఇల్లు చేరతాడు. ఇద్దరికీ ఏ.సి. ఒక్కటే. ఒకరు "పెంచండి" అంటారు, ఇంకొకరు "తగ్గించండి" అంటారు. డిగ్రీలు తగ్గించాలో, చల్లదనం తగ్గించాలో తేలక ప్యూను తెల్లమొహం వేస్తాడు.

ఆఫీసు గొడవ మనకెందుకంటారా? మెడనొప్పి వచ్చేది మనింటికే కదా, కాపడం పెట్టేది మనమే కదా. పైగా మీలో కొందరు అపార్టుమెంటు సంఘంలో వున్నారు, కొందరు ట్యూషన్ సెంటర్లూ, కుట్టుపని షాపులూ నడుపుతున్నారు. మెకానిక్కు వచ్చి "మిషను పాతదైపోయిందమ్మా, మార్చేయాలి" అంటే తలూపేముందు నాలుగు ప్రశ్నలు వేయగలిగితే మంచిదేగా.

ముందు ఆ మిషను చేసే పని చూద్దాం. ఏ.సి. చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని తీసుకెళ్ళి బయట పారబోస్తుంది, అంతే. పాత ఆఫీసుల్లో హాలంతటికీ ఒకటే పెద్ద మిషను వుంటుంది. దాని లోపల చల్లటి కాయిలు. బ్లోయరు హాల్లోని గాలిని లాగి, ఫిల్టరు గుండా ఆ కాయిలు మీదుగా పోనిచ్చి, ఫాల్స్ సీలింగు పైన వున్న రేకు గొట్టాల్లోకి తోస్తుంది. వీటినే డక్టులంటారు. డక్టుకు అక్కడక్కడా కొమ్మలు, ఒక్కో కొమ్మ చివర ఒక జాలీ. మన నెత్తిమీద చల్లగాలి దిగేది ఆ జాలీలోంచే.

ఇది మన మేడమీది నీళ్ళ టాంకులాంటిదే అనుకోండి. టాంకు నిండుగానే వుంటుంది. కింది వాటాలో కుళాయి బార్లా తెరిస్తే పై వాటాలో నీళ్ళు దారంలా వస్తాయి. మధ్యలో గొట్టం పగిలితే ఎవరికీ రావు, గోడ మాత్రం తడుస్తుంది. అప్పుడు మనం టాంకు మార్చం కదా! గొట్టం చూస్తాం. ఆఫీసుల్లో మాత్రం ఒక మూల ఉక్కపోయగానే అందరి చూపూ మిషను మీదికే పోతుంది.

మిషను బాగానే వుందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం వుంది. గోడకు తగిలించే చిన్న థెర్మామీటరు బజార్లో దొరుకుతుంది. మిషనుకు దగ్గరగా వున్న జాలీ దగ్గర గాలి ఎంత వుందో, హాల్లోంచి గాలి మిషనులోకి తిరిగి వెళ్ళే చోట ఎంత వుందో చూడమనండి. రెండింటికీ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలు వుంటే మిషను తన పని తాను చేస్తున్నట్టే. వానాకాలంలో, విశాఖపట్నంలాంటి చెమ్మ ఎక్కువగా వుండే వూళ్ళలో, ఈ తేడా కాస్త తగ్గుతుంది. గాలిలోని తడిని పిండడానికే మిషను శక్తి సగం పోతుంది మరి. తేడా బాగానే వుండి కూడా ఒక మూల ఉడికిపోతోందంటే, చల్లగాలి ఆ మూలకు చేరడం లేదన్నమాట.

ఇక చేయవలసింది పరిశోధన. మూడు రోజులపాటు, హాల్లో మూడు చోట్ల, పొద్దున 10కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి ఎన్ని డిగ్రీలున్నాయో కాగితం మీద రాయాలి. "నాకు చలి", "నాకు ఉక్క" అనే తగువులో ఎవరూ గెలవరు గానీ, ఈ ఇరవై ఏడు గళ్ళ పట్టీని ఎవరూ కాదనలేరు. ఒక సీటు సాయంత్రం మాత్రమే వేడెక్కుతోందంటే అది పడమటి కిటికీ పని. రోజంతా అదే సీటు వేడిగా వుంటే డక్టు సంగతి చూడాలి. హాలంతా కలిసి వేడెక్కుతోందంటే అప్పుడు మిషను దగ్గరికి వెళ్ళాలి.

కిటికీల విషయంలో ఒక చిత్రం చెబుతాను. హైదరాబాదులో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా వుంటాడు. అందుకని దక్షిణపు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళకు ఆ రోజుల్లో నీడ, డిసెంబరులో ఎండ. "చలికాలంలో లేని బాధ ఇప్పుడెందుకొచ్చింది" అనే ప్రశ్నకూ, "వేసవిలో బాగానే వుందే" అనే ప్రశ్నకూ ఇదే జవాబు. పడమటి కిటికీకి మాత్రం ఏ కాలంలోనూ సాయంత్రపు ఎండ తప్పదు. కర్టెను లోపల కడితే కొంత నయం. అద్దానికి బయటివైపున నీడ పడేట్టు చేస్తే ఇంకా నయం, వేడి లోపలికి వచ్చాక ఆపడం కన్నా రాకముందే ఆపడం సుళువు.

ఇప్పుడు థెర్మోస్టాటు. ఎన్ని డిగ్రీలు రాగానే ఆగాలో మిషనుకు చెప్పే చిన్న పెట్టె ఇది. దానికి తాను వున్న చోటు తప్ప హాల్లో ఇంకేమీ తెలియదు. ఇడ్లీ పాత్రలో పై రేకు ఒక్కటి చూసి అన్నీ ఉడికాయనుకుంటే ఎలా వుంటుందో అలా వుంటుంది దాని తీర్పు. సరిగ్గా జాలీ కింద వుందంటే, తనకు చల్లబడగానే మిషనును ఆపేస్తుంది, దూరంగా వున్నవాళ్ళు ఉడికిపోతారు. జిరాక్సు మిషను పక్కన వుందంటే, దాని వేడికి మోసపోయి ఏ.సి.ని ఆగనివ్వదు, మిగతావాళ్ళు గడ్డకడతారు. పెట్టినరోజున అది మంచిచోటే అయివుంటుంది. తరవాత ఎవరో దాని పక్కకు జిరాక్సు మిషను జరిపారు, లేదా చుట్టూ గది కట్టారు.

పాత ఆఫీసుల్లో ఈ గదులు కట్టడమే పెద్ద రోగం. హాలు ఒకటిగా వున్నప్పుడు వేసిన డక్టు అది. తరవాత ఆఫీసరుకొక గది, రికార్డులకొక గది అంటూ చెక్కతో అడ్డాలు కడతారు. నాలుగు జాలీల గాలి ఒక ఆఫీసరుకు, ఒక జాలీ గాలి పన్నెండుమంది గుమాస్తాలకు! ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, అంటే పాతకాలపు పెద్ద బల్బంత. ముప్ఫై అయిదుమంది కూర్చుంటే 3,500 వాట్లు. సరిగ్గా ఒక టన్ను ఏ.సి. పని. ఈ టన్ను అన్న మాట కూడా ఐసు రోజులనాటిదే. ఒక టన్ను ఐసు ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత అని అర్థం. మనుషులకు తోడు కంప్యూటర్లు వచ్చి చేరాయి. మిషను వయసు పెరగడం ఒకటైతే, దాని నెత్తిన బరువు పెరగడం ఇంకొకటి. తలుపు బిగించిన గదిలో ఇంకో చిక్కు కూడా వుంది. వచ్చిన గాలి తిరిగి వెళ్ళడానికి దారి లేకపోతే కొత్త గాలి రాదు. తలుపు కింద రెండంగుళాల సందు విడిచినా ఒక్కోసారి గది మారిపోతుంది.

నాకు తెలిసిన ఒక ఆఫీసులో మూడో అంతస్తు హాల్లో ఇలాగే జరిగింది. లెక్కల విభాగంలో ఆడవాళ్ళు స్వెట్టర్లతో, కిటికీవైపు వాళ్ళు విసనకర్రలతో. కొత్త మిషనుకు లక్షల్లో అంచనా కూడా తెప్పించారు. చివరికి ఒక వయసుమళ్ళిన మెకానిక్కు నిచ్చెన వేసి ఫాల్స్ సీలింగు పలక ఒకటి తీసి చూశాడు. కిటికీవైపు వెళ్ళే మెత్తటి గొట్టం కొమ్మ నుంచి ఊడిపోయి పడుంది. కంప్యూటరు వైర్లు లాగడానికి ఎక్కినవాళ్ళ కాలో చెయ్యో తగిలి వుంటుంది. హాలుకు రావలసిన చల్లగాలి ఎన్నాళ్ళనుంచో సీలింగు పైన ఎలుకలకు పోతోంది. అక్కడివాళ్ళు ఉక్క తట్టుకోలేక 18 డిగ్రీలు పెడుతుంటే, లెక్కలవాళ్ళు గడ్డకట్టారు. గొట్టం బిగించి పట్టీ వేయడానికి ఒక పూట పట్టింది.

18 పెడితే మిషను ఇంకా చల్లటి గాలి వేగంగా ఊదుతుందని చాలామంది నమ్మకం. మామూలు మిషను అలా చేయదు. అదే గాలిని ఎక్కువసేపు ఆగకుండా పంపుతుంది, అంతే. చలి సీటుకు ఇంకా చలి, కరెంటు బిల్లుకు ఇంకా జ్వరం. జాలీకి అట్టముక్క అడ్డంపెట్టడం కూడా అలాంటిదే. నీ మీద పడని గాలి పక్కవాళ్ళమీద రెట్టింపుగా పడుతుంది. కొమ్మ మొదట్లో డాంపరు అనే తలుపురేకు వుంటుంది, సర్దవలసింది దాన్ని. అదీ కొంచెం కొంచెంగా, ఒకటి తిప్పి ఒకరోజు ఆగి చూసి, తరవాతే రెండోది.

ఖర్చులేని పనులు ముందు చేయించండి. ఫిల్టరు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అవతల కనబడాలి, కనబడకపోతే కడగాలి. దుమ్ము పట్టిన ఫిల్టరుతో గాలి తగ్గిపోతుంది, ముందు చివరి జాలీలకు తెలుస్తుంది ఆ లోటు. మరీ తగ్గితే కాయిలు మీద మంచు పేరుకుని, తరవాత కరిగి సీలింగులోంచి నీళ్ళు కారతాయి. బ్లోయరు బెల్టు వదులైనా ఇదే కథ. ప్రతి జాలీ దగ్గరా పల్చటి కాగితం ముక్క పట్టుకుని చూస్తే ఎక్కడ రెపరెపలాడుతోందో, ఎక్కడ వేలాడుతోందో తెలిసిపోతుంది. మేడమీది మిషనును కూడా ఒకసారి చూడమనండి. దాని రేకుల మధ్య పావురాల ఈకలూ, దుమ్మూ నిండితే పారబోయవలసిన వేడి పారబోయలేదు.

"గ్యాసు అయిపోయింది, నింపాలి" అన్న మాట వినబడితే కొంచెం ఆగండి. ఇది వంటగ్యాసులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టంలో తిరిగే గ్యాసు, తగ్గిందంటే ఎక్కడో కారిపోతోంది. కారే చోటు పట్టకుండా నింపితే మళ్ళీ వేసవికి మళ్ళీ అదే పాట. పాత మిషన్లలో ఎక్కువగా వుండేది ఆర్-22 అనే గ్యాసు. ఓజోను పొరకు చేటు చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దీన్ని క్రమంగా మానేస్తున్నారు, మనలాంటి దేశాలకు 2030 గడువు. మిషను మార్చడానికి ఇది నిజమైన కారణాల్లో ఒకటి.

ఇంతా చేసినా కొందరికి చలి వుంటుంది. "ఆడవాళ్ళకు అన్నీ బాధలే" అనేవాళ్ళకు ఒక సంగతి చెప్పండి. ఆఫీసు చల్లదనానికి చాలా దేశాలు పెట్టుకున్న కొలతలు డెన్మార్కుకు చెందిన ఫాంగర్ 1960లలో చేసిన పరిశోధనల మీద ఆధారపడ్డవి. ఒంట్లో పుట్టే వేడిని లెక్కవేసేటప్పుడు తీసుకున్నది నడివయసు మగవాడి లెక్క. నెదర్లాండ్సు శాస్త్రవేత్తలిద్దరు 2015లో దీన్ని ఎత్తిచూపారు. వాళ్ళు పరీక్షించింది కొద్దిమంది స్త్రీలనే అయినా, వాళ్ళ ఒంట్లో పుట్టే వేడి ఆ లెక్కకన్నా బాగా తక్కువని తేలింది. మన దేశంలో 2020 జనవరి నుంచి అమ్మే గది ఏ.సి.లు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేట్టు తయారు చేయాలన్న నియమం వచ్చింది. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అని లెక్క. 24, 25 దగ్గర వుంచి, ఉక్క అనేవాళ్ళ బల్లమీద చిన్న ఫాను పెడితే ఆ ఖర్చుతో పోల్చుకుంటే అది ఏపాటి! అమ్మాయి సీటు జాలీ కిందనుంచి ఒక గజం పక్కకు జరిపినా శాలువా అవసరం తగ్గవచ్చు.

ఒకవేళ మిషను నిజంగానే మార్చవలసి వస్తే, పాత మిషను ఎన్ని టన్నులో చూసి అంతే తెప్పించకూడదు. ఇప్పుడు హాల్లో ఎందరున్నారు, ఎన్ని కంప్యూటర్లున్నాయి, గదులెక్కడ కట్టారు అని కొత్తగా లెక్క వేయించాలి. మరీ పెద్దది తెస్తే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో చెమ్మ మాత్రం అలాగే వుంటుంది. డక్టులు విప్పి, అతుకులు సరిచేసి, చిరిగిన పైపొర మార్చడం కూడా ఆ ఒప్పందంలోనే రాయించాలి. అది రాయించకపోతే కొత్త మిషను చల్లగాలి కూడా ఎలుకల దగ్గరికే పోతుంది.